బ్యాటరీ డౌన్ అయితే మార్చేయడమేనా?

రాత్రి బాగానే ఉన్న కారు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. జంప్ పెట్టి, అంటే మరో బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయించుకోవడం, ఆ వెంటనే కొత్త బ్యాటరీ వేయించేయడం మామూలుగా జరిగే పని. దాంతో సమస్య తీరిపోయే సందర్భాలు ఉన్నాయి. తీరినట్టే కనిపించి, మూడు వారాలకల్లా కొత్తది కూడా డౌన్ అయిపోయే సందర్భాలూ తక్కువేమీ కాదు.

కారణం ఏమిటంటే, బండి ఇలా మొరాయించడానికి దారులు నాలుగున్నాయి. బ్యాటరీ ముసలిదై ఛార్జ్ నిలుపుకోలేకపోవడం ఒకటి. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ సరిగా అందకపోవడం రెండోది. బండి ఆగి ఉన్నప్పుడు లోపల ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉండడం మూడోది. బ్యాటరీ నిండుగా ఉన్నా టెర్మినల్ దగ్గరో ఎర్త్ వైరు దగ్గరో కరెంటు ఆగిపోవడం నాలుగోది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాళ్లకు నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కొత్త బ్యాటరీతో నయమయ్యేది మొదటిది మాత్రమే. కాబట్టి మార్చే ముందు ఇది నాలుగింటిలో ఏదో తేల్చుకోవాలి. మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఓ గంటన్నర ఓపిక ఉంటే చాలావరకు ఇంటి దగ్గరే తేలిపోతుంది.

ముందు చెవి, తర్వాతే మీటరు

సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే శబ్దమే సగం సంగతి చెప్పేస్తుంది. టకటకటకమని వరుసగా కొట్టుకుంటోందంటే వోల్టేజీ చాలడం లేదు. సెల్ఫ్ మోటారు మీదున్న సోలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లాక్కోగానే మోటారు వందల ఆంపియర్లు అడుగుతుంది, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, సోలెనాయిడ్ వదిలేస్తుంది. లోడు తగ్గగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాక్కుంటుంది. ఆ టకటక ఇదే. ఇది ఖాళీ బ్యాటరీ లక్షణం, లేదా టెర్మినల్ వదులుగా ఉన్న లక్షణం.

ఒక్కసారి గట్టిగా టక్‌మని ఊరుకుంటే హెడ్‌లైట్ల వైపు చూడండి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా అలాగే వెలుగుతుంటే మోటారుకు కరెంటు చేరడం లేదు. సోలెనాయిడ్ కాంటాక్టులో, మోటారు బ్రష్‌లో, మోటారుకు వెళ్లే కేబులో పోయి ఉంటుంది. అదే టక్‌తో పాటు డాష్‌బోర్డు మొత్తం ఆరిపోయి, కాసేపటికి దానంతటదే వెలిగితే ముందు టెర్మినల్‌నే అనుమానించాలి.

అసలు శబ్దమే లేదు, లైట్లు మాత్రం ధగధగలాడుతున్నాయి అంటే బ్యాటరీ జోలికి వెళ్లనక్కర్లేదు. బ్రేక్ పెడల్ స్విచ్, క్లచ్ స్విచ్, ఆటోమేటిక్ గేరు పార్క్‌లో ఉందని చెప్పే స్విచ్, దొంగతాళాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్, వీటిలో ఏది ఒప్పుకోకపోయినా ఇప్పటి కార్లలోని కంప్యూటరు సెల్ఫ్ కొట్టనివ్వదు. బటన్ స్టార్ట్ కార్లలో రిమోట్ లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినా ఇదే జరుగుతుంది. చాలా మోడళ్లలో రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది. కొన్నింటిలో దాన్ని పెట్టే చోటు వేరేగా ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోవాలి.

మీటరు అంకెలు, వాటి వెనక మెలిక

మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, ప్రోబ్‌లను బ్యాటరీ పోస్టుల మీదే ఆనించాలి. పైన బిగించిన క్లాంపుల మీద కాదు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు మిగిలినట్టు. 11.8కి దిగితే ఖాళీ కిందే లెక్క. స్టార్ట్-స్టాప్ కార్లలో (బండి ఆగినప్పుడల్లా ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యేవి) వచ్చే ఏజీఎం రకం, అంటే యాసిడ్‌ను గాజు పీచు పట్టి ఉంచే బ్యాటరీలు నిండుగా ఉన్నప్పుడు 12.8 దాకా, కొన్ని ఇంకాస్త పైకీ చూపిస్తాయి. అంటే ఏజీఎంలో 12.4 కనిపిస్తే ముప్పావు ఉందని సంబరపడకూడదు.

మెలిక ఏమిటంటే, బండి నడిపి ఆపిన వెంటనే, లేదా ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే ఈ అంకెలన్నీ అబద్ధం చెబుతాయి. ప్లేట్ల పైపైన నిలిచిన ఛార్జ్ వల్ల సగం ఖాళీ బ్యాటరీ కూడా 12.8 చూపించగలదు. బండిని రాత్రంతా వదిలేసి పొద్దున కొలవడం మేలు. అంత టైము లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఐదు నిమిషాలు ఆగి కొలవాలి.

ఎంతసేపు ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే లోపల ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయింది. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కదా, ఆ తేడానే అది. దానికి వైద్యం లేదు.

12.6 చూపించినంత మాత్రాన బ్యాటరీ బాగుందని కాదు. వోల్టేజీ చెప్పేది ఎంత నిండిందో, ఎంత బలముందో కాదు. బలం తెలియాలంటే లోడు పెట్టాలి. ప్రోబ్‌లు పోస్టుల మీదే ఉంచి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించి చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ మామూలు వాతావరణంలో 9.6 వోల్టుల కంటే కిందికి దిగకూడదు. ఎనిమిదికో ఏడుకో పడిపోతే బ్యాటరీ లోపల పోయింది, లేదంటే సెల్ఫ్ మోటారే బిగుసుకుపోయి అవసరానికి మించి లాగుతోంది. బలం తెలిసిన మరో బ్యాటరీతో జంప్ పెట్టినా మోటారు ఈడ్చుకుంటూనే తిరుగుతుంటే తప్పు మోటారుదో కేబుల్‌దో అవుతుంది.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. డౌన్ అయిన బ్యాటరీని అలాగే టెస్టరుకు తగిలించి ‘పోయింది’ అనేస్తారు. ఖాళీ బ్యాటరీ లోడు టెస్టులో ఫెయిల్ కాక ఏమవుతుంది? ముందు పూర్తిగా ఛార్జ్ చేసి, కొన్ని గంటలు పక్కన పెట్టి, అప్పుడు టెస్ట్ చేస్తేనే ఆ తీర్పుకు విలువ. చేతిలో పట్టుకునే టెస్టరులో బ్యాటరీ రకం, సీసీఏ అంకె (చలిలో స్టార్టింగ్‌కు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పేది), ఏ ప్రమాణంలో రాసి ఉందో కూడా లేబుల్ చూసి సరిగ్గా ఎంచాలి. లేబుల్ మీద 500 ఉండి, పూర్తి ఛార్జ్ తర్వాత కూడా 300 దాటకపోతే మార్చడమే మంచిది.

పోస్టుల మీద 12.3 నిలిచే ఉంది, మోటారు మాత్రం నీరసంగా తిరుగుతోంది. ఇది నాలుగో దారి, కరెంటు మధ్యలో ఎక్కడో ఆగుతోంది. దీన్ని పట్టుకునే పద్ధతి సులువు, అయినా ఎందుకో అరుదుగా వాడతారు. మీటరును 2 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ మీద రంగు లేని చోట లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. 0.8 చూపించిందంటే ఆ వోల్టేజీ అంతా మోటారుకు చేరకుండా ఎర్త్ దారిలోనే పోతోంది. అప్పుడు ప్రోబ్‌ను దశలవారీగా దగ్గరికి తెచ్చుకోండి: పోస్టు నుంచి దాని క్లాంపుకు, క్లాంపు నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు. అంకె ఎక్కడ ఎగిరిందో తుప్పు అక్కడుంది. ప్లస్ వైపు కూడా ఇంతే, పోస్టు నుంచి మోటారు బోల్టు దాకా మొత్తం 0.5 దాటకూడదు. పోస్టు పైకి తళతళలాడుతున్నా, క్లాంపు లోపలి వైపు నల్లటి పొర ఉంటే చాలు, ఇదంతా జరుగుతుంది.

తెల్లగానో ఆకుపచ్చగానో పూసిన టెర్మినళ్లను ఒక కప్పు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి కడిగి, వైరు బ్రష్‌తో రుద్దాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పితే స్పానరు పొరపాటున బాడీకి తగిలిందా, నిప్పులు రాలతాయి.

జంప్ పెట్టేటప్పుడు

ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బండి ప్లస్‌కు, రెండో కొస మంచి బండి ప్లస్‌కు. నల్లది మంచి బండి మైనస్‌కు, చివరి కొస డౌన్ అయిన బండి ఇంజిన్ మీద లోహానికి. దాన్ని బ్యాటరీ మైనస్‌కే పెట్టకూడదనేది ఊరికే చెప్పే మాట కాదు. చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ తప్పదు, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. స్టార్ట్-స్టాప్ కార్లలో ఇంకో కారణమూ ఉంది. మైనస్ క్లాంపు మీద ఉండే సెన్సరు లోపలికి, బయటికి వెళ్లే కరెంటును లెక్కపెడుతుంది. నేరుగా పోస్టుకు పెడితే ఆ కరెంటు దాని లెక్కలోకి రాదు. ఇంట్లో ఛార్జరు పెట్టినప్పుడు కూడా ఈ కార్లలో మైనస్‌ను బాడీ ఎర్త్ పాయింటుకే పెట్టాలి.

కేబుళ్లు తగిలించి, మంచి బండి ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడవనిచ్చి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. విప్పేటప్పుడు అంతా వెనక నుంచి ముందుకు. బ్యాటరీ గడ్డకట్టినట్టున్నా, పక్కలు ఉబ్బినా, పగిలినా జంప్ జోలికి పోవద్దు.

జంప్‌తో లేచిన బండిని అరగంట తిప్పితే బ్యాటరీ నిండిపోతుందనుకోవడం పెద్ద భ్రమ. ఆల్టర్నేటర్ ఉన్నది నిండిన బ్యాటరీని నిండుగా ఉంచడానికి. పూర్తిగా ఖాళీ అయినదాన్ని నింపడం దానికి భారం, వేడెక్కుతుంది కూడా. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగం ఖాళీ అయితే 6 ఆంపియర్ల ఛార్జరుకు ఐదారు గంటలు పడుతుంది, చివరి ఇరవై శాతానికి మరికొన్ని గంటలు. ఖాళీగా వదిలేసిన ప్రతి రోజూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతూ ఉంటుంది కాబట్టి ఛార్జరు పెట్టడం వాయిదా వేసే పని కాదు.

ఆల్టర్నేటర్ మీద తొందరపడొద్దు

పాత లెక్క ప్రకారం ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే. కొత్త కార్లలో ఈ లెక్కను గుడ్డిగా నమ్మి బాగున్న ఆల్టర్నేటర్లను విప్పేస్తున్నారు. ఇప్పుడు ఛార్జింగ్ వోల్టేజీని నిర్ణయించేది కంప్యూటరు. ఇంధనం ఆదా కోసం సాఫీగా వెళ్తున్నప్పుడు 12.6 దాకా దించుతుంది, యాక్సిలరేటర్ వదిలి బండి నెమ్మదిస్తున్నప్పుడు 15 దగ్గరికి ఎక్కించి ఆ శక్తిని బ్యాటరీలోకి తోస్తుంది. దానికి చోటు ఉండాలని బ్యాటరీని కావాలనే 80 శాతం దగ్గర ఉంచే కార్లున్నాయి.

కాబట్టి పరీక్ష లోడుతో చేయాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి ఇంజిన్‌ను 2000 ఆర్పీఎం దగ్గర పట్టండి. చాలా వ్యవస్థలు అప్పుడు 13.5 దాటిస్తాయి. అప్పటికీ 12.4 నుంచి జారుతూ పోతుంటే ముందు బెల్టు, ఆల్టర్నేటర్ ప్లగ్గు, మెయిన్ ఫ్యూజ్ చూసి, ఆపైనే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. మీటరును ఏసీకి మార్చి పోస్టుల మీద చూస్తే అర వోల్టు దాకా కనిపించిందంటే లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోయి ఉండొచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ తీసేసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అనే పాత చిట్కా ఇంకా వినిపిస్తోంది. ఆ క్షణంలో వోల్టేజీ పదుల వోల్టులు ఎగరొచ్చు. దారిలో ఉన్న కంప్యూటర్లన్నీ దాన్ని భరించాలి. ఇప్పటి కారులో ఇంతకంటే ఖరీదైన పరీక్ష లేదు.

ఆగి ఉన్న బండిలో కరెంటు ఎవరు తాగుతున్నారు

బ్యాటరీ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, అయినా నాలుగు రోజులు కదపకపోతే డౌన్. అసలు పని ఇక్కడే. తాళం వేసిన కారు కూడా కొంత కరెంటు తింటుంది: గడియారం, అలారం, రిమోట్ కోసం వినే రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకం. ఇవన్నీ కలిసి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉండాలి. 50 అంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగానికి రావడానికి 25 రోజులు. అదే అర ఆంపియర్ లీకయితే రోజుకు 12, రెండున్నర రోజుల్లో సగం ఖాళీ.

పనిలో పనిగా ఒక లెక్క. సెల్ఫ్ కొట్టడానికే బ్యాటరీ అంతా అయిపోతుందనుకుంటారు. 200 ఆంపియర్లు రెండు సెకన్లు లాగితే ఖర్చయ్యేది 0.11 ఆంపియర్-అవర్. 30 మిల్లీ ఆంపియర్లు తాగుతూ ఊరికే నిలబడిన కారు ఒక్క రోజులో 0.72 ఖర్చు చేస్తుంది, అంటే ఆరు స్టార్టుల కంటే ఎక్కువ. వారానికోసారి పక్క వీధి దాకా మాత్రమే వెళ్లే కారు ఎందుకు డౌన్ అవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

లీకు కొలవడానికి డీసీ మిల్లీ ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటరు ఉంటే హాయి. సున్నా చేసి, మైనస్ కేబుళ్లన్నీ కలిపి చుట్టూ పట్టిస్తే సరి, ఏదీ విప్పనక్కర్లేదు. లేకపోతే మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మైనస్ పోస్టుకూ మైనస్ క్లాంపుకూ మధ్య వరుసలో కలపాలి. క్లాంపు లేపకముందే మీటరు తీగలు రెండు కొసలా క్లిప్ చేసి ఉండాలి. కరెంటు ఒక్క క్షణం తెగినా కంప్యూటర్లన్నీ మొదటి నుంచి లేస్తాయి, నిద్రపోకుండా తప్పు చేస్తున్న యూనిట్ కూడా రీసెట్ అయి అమాయకంగా పడుకోవచ్చు. మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, దాని ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

తాళం వేయగానే మూడు నాలుగు ఆంపియర్లు కనిపించినా కంగారు పడక్కర్లేదు. కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రలోకి జారుతూ అంకె మెట్లు మెట్లుగా దిగుతుంది. చాలా కార్లకు పది నుంచి ముప్పై నిమిషాలు, కొన్నింటికి గంట పడుతుంది. బానెట్, డోర్లు తెరిచి ఉంటే కారు పడుకోదు. అందుకని బానెట్ లాచ్‌నూ, డోర్ లాచ్‌నూ స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు నమ్మించాలి. పని అయ్యాక వాటిని వదిలించకుండా బానెట్ దించారో, లాచ్ విరుగుతుంది. రిమోట్ కనీసం ఐదారు మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరుంటే కారు దాన్ని పలకరిస్తూనే ఉంటుంది. రోజూ తాళాలు కారుకు ఆనుకున్న గోడకే తగిలించేవాళ్ల కార్లలో మరే లోపం లేకుండానే బ్యాటరీ డౌన్ అవడానికి ఇదీ కారణం కావచ్చు.

గంట తర్వాత కూడా 400 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోయింది అనుకుందాం. ఒక్కో ఫ్యూజ్ పీకి చూడడం పాత పద్ధతి. కొత్త కార్లలో ఫ్యూజ్ పీకి మళ్లీ పెడితే ఆ యూనిట్ లేస్తుంది, పక్కవాటినీ లేపుతుంది, మళ్లీ అరగంట ఆగాలి. ఫ్యూజ్ తీయకుండా దాని మీదే వోల్టేజీ కొలవడం తెలివైన పని. ఫ్యూజ్ నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరును మిల్లీ వోల్టుల్లో పెట్టి వాటికి ఆనించండి. కరెంటు పోని ఫ్యూజ్ మీద 0.0 వస్తుంది. 10 ఆంపియర్ల మినీ ఫ్యూజ్ నిరోధం సుమారు 7.4 మిల్లీ ఓములు, అంటే 1 మిల్లీ వోల్టు కనిపిస్తే దాదాపు 135 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. అక్కడ 2.7 చూశారంటే దొంగ దొరికినట్టే. ఫ్యూజ్ పెద్దదయ్యే కొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి, 20 ఆంపియర్ల దాని మీద అదే మిల్లీ వోల్టుకు కరెంటు రెట్టింపు పైనే ఉంటుంది. 0.1 మిల్లీ వోల్టు కూడా చూపించే మీటరు ఉంటేనే ఈ పని కుదురుతుంది.

ఆ ఫ్యూజ్ మీద ఏమేం ఉన్నాయో వైరింగ్ బొమ్మలో చూసి ఒక్కో కనెక్టరు విప్పుకుంటూ వెళ్లాలి. తరచుగా దొరికేవి బయట నుంచి తెచ్చి బిగించినవే: పార్కింగ్ మోడ్‌లో ఉన్న డాష్‌క్యామ్, ఆడియో యాంప్లిఫయర్, జీపీఎస్ ట్రాకర్, స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్‌లో మరిచిపోయిన చిన్న పరికరం, అంటే డాంగిల్. డాంగిల్ తాగేది కొంచెమే అయినా, కొన్ని కార్లలో అది కంప్యూటర్లను పడుకోనివ్వదు. ఆరని డిక్కీ లైటు పట్టుకోవడానికి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూస్తే చాలు. అతుక్కుపోయిన రిలే చేతికి వెచ్చగా తగులుతుంది.

ఫ్యూజులన్నీ సున్నా చూపించినా లీకు అలాగే ఉంటే, నేరుగా బ్యాటరీకి కలిసి ఉన్నవాటి వంతు. డయోడ్ పోయిన ఆల్టర్నేటర్ ఇందులో ముందుంటుంది. రాత్రంతా ఆగిన చల్లటి ఇంజిన్ మీద ఆల్టర్నేటర్ ఒక్కటే వెచ్చగా ఉందంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

మార్చక తప్పనప్పుడు

ఏజీఎం ఉన్న చోట ఏజీఎమ్మే వేయాలి. మామూలుది వేస్తే స్టార్ట్-స్టాప్ కొట్టే దెబ్బలకు తొందరగా పోతుంది. బీఎండబ్ల్యూ, ఆడి లాంటి కార్లలో కొత్త బ్యాటరీ వేశామని స్కానరుతో కంప్యూటరుకు చెప్పాలి. చెప్పకపోతే పాత ముసలి బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తూ కొత్తదాని ఆయుష్షు తగ్గిస్తుంది. మార్చాక కిటికీల ఆటో అప్, స్టీరింగ్ యాంగిల్ మరిచిపోయి హెచ్చరిక లైట్లు వెలగొచ్చు. కిటికీని పూర్తిగా ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు పట్టడం, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పడంతో చాలా కార్లలో అవి సర్దుకుంటాయి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి

వందల వోల్టుల పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్న 12 వోల్టులది డౌన్ అయితే ఈ కార్లు కదలవు. పెద్ద బ్యాటరీని మిగతా కారుతో కలిపే కాంటాక్టర్లు మూసుకోవడానికి ఆ 12 వోల్టులే కావాలి. పెట్రోలు కారులో అయితే సెల్ఫ్ నీరసించి ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ ఈడ్చే సెల్ఫ్ లేదు కాబట్టి నిన్నటి దాకా ఏమీ తెలియదు. డాష్‌బోర్డు మీద అర్థం లేని హెచ్చరికలు ఒకేసారి అరడజను వెలగడం, తాళాలు ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడం ముందస్తు సూచనలు. మంచి సంగతి ఏమిటంటే వీటిని లేపడానికి కొద్దిపాటి కరెంటు చాలు. చిన్న జంప్ ప్యాక్‌తోనే రెడీ లైటు వచ్చేస్తుంది, ఆ తర్వాత పెద్ద బ్యాటరీయే చిన్నదాన్ని ఛార్జ్ చేసుకుంటుంది. కానీ వీటి నుంచి వేరే బండికి జంప్ ఇవ్వడాన్ని చాలా కంపెనీలు వద్దంటాయి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ చిన్న బ్యాటరీ కూడా లిథియమే, పైన చెప్పిన వోల్టేజీ లెక్కలు దానికి వర్తించవు.

టయోటా ప్రయస్ రెండు, మూడు తరాల కార్లలో 12 వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, డిక్కీ తెరిచే మీటేమో కరెంటుతో పనిచేస్తుంది. అందుకే జంప్ టెర్మినల్‌ను బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో ఇచ్చారు. మీ కారులో అలాంటి పాయింటు ఎక్కడుందో, రిమోట్‌లో దాచిన తాళంచెవి ఏ డోరుకు పడుతుందో బ్యాటరీ బాగున్నప్పుడే చూసుకోవాలి. మాన్యువల్‌లో ఆ పేజీల ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. మాన్యువల్ గ్లౌవ్ బాక్సులోనే ఉంటుంది, డోరు తెరుచుకోదు.